ఆస్కార్ అంచనా తప్పకూడదంటే సినిమా కంటే ముందు ఓటరును చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: తిరుపతిలో పదిమంది మిత్రులు ఏటా ఆస్కార్ విజేతల్ని ముందే రాసిపెట్టుకుంటారు. దొరికిన సినిమాలన్నీ చూస్తారు, ఒక్కోదానికి రివ్యూ రాస్తారు. అయినా 23 విభాగాల్లో 12, 13 దాటడం లేదు. సినిమాలు సగం కూడా చూడని మిత్రుడికి 17 వస్తున్నాయి. లోపం ఎక్కడుంది?

మీ అభిరుచిలో లోపం లేదు. "ఏది బాగుంది" అన్న ప్రశ్నకు మీ దగ్గర మంచి జవాబు ఉంది, కానీ దాన్ని తీసుకెళ్లి "ఎవరు గెలుస్తారు" అన్న గడిలో రాస్తున్నారు. ఆ మిత్రుడు సినిమాలు చూడలేదు కాబట్టి ఎవరు ఎక్కడ గెలుస్తున్నారో మాత్రమే చూశాడు. ఆ ఒక్క పని అతన్ని నాలుగు మెట్లు పైకి తీసుకెళ్లింది. రెండు పనులూ విడివిడిగా చేస్తే మీరు అతన్ని దాటేస్తారు, ఎందుకంటే ఆస్కార్‌కు ముందు వచ్చే అవార్డుల సంకేతాలు తేలకుండా ఆగిపోయే నాలుగైదు విభాగాల్లో సినిమా చూసినవాడి మాటే నిలుస్తుంది.

ముందు ఓటరు ఎవరో తెలియాలి. ఆస్కార్ ఇచ్చే అకాడమీలో ఓటున్న సభ్యులు పదివేలకు కాస్త అటూ ఇటూ ఉంటారు. నామినేషన్ దశలో ఎవరి శాఖ వాళ్లదే: ఎడిటర్లు ఎడిటింగ్‌కి, సంగీతకారులు సంగీతానికి ఓటేస్తారు. ఉత్తమ చిత్రం నామినేషన్‌కి మాత్రం అందరూ వేస్తారు. తుది ఓటింగ్‌లో ఈ గోడలన్నీ పోతాయి. నటుడు కూడా సౌండ్‌కి ఓటేస్తాడు, మేకప్ నిపుణురాలు కూడా స్క్రీన్‌ప్లేకి ఓటేస్తుంది. అందుకే నామినేషన్లు ఊహించేటప్పుడు పనివాళ్ల కళ్లతో, విజేతను ఊహించేటప్పుడు బయటివాళ్ల కళ్లతో చూడాలి. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

2026 వేడుక నుంచి రెండు మార్పులు వచ్చాయి. కాస్టింగ్‌కి కొత్తగా అవార్డు చేరి విభాగాలు 24 అయ్యాయి. ఒక విభాగంలో తుది ఓటు వేయాలంటే అందులో నామినేట్ అయిన సినిమాలన్నీ చూసి ఉండాలన్న నిబంధన పెట్టారు. కాబట్టి పాత లెక్కల్లో "ఎవరూ చూడని సినిమా గెలవదు" అన్న సూత్రానికి తూకం కొంచెం తగ్గించండి, పూర్తిగా తీసేయకండి.

ఇక ఉత్తమ చిత్రం. మిగతా విభాగాలన్నిట్లో ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్లదే గెలుపు. ఉత్తమ చిత్రానికి మాత్రం 2010 వేడుక నుంచి ప్రాధాన్య ఓటు. మన రాయలసీమ వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో 1, 2, 3 అని అంకెలు వేసేది ఇలాగే. 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానం గుర్తుందా? మొదటి ప్రాధాన్య ఓట్లలో వెనకబడ్డ అభ్యర్థి రెండో ప్రాధాన్య ఓట్లతో గెలిచారు. ఆస్కార్ ఉత్తమ చిత్రం లెక్కింపు ప్రాణం అదే.

ఒక ఉదాహరణ కాగితం మీద వేసి చూడండి. 100 మంది ఓటర్లు, నాలుగు సినిమాలు. మొదటి ప్రాధాన్యంలో క-కు 36, చ-కు 30, ట-కు 20, ప-కు 14. సగం దాటినవాళ్లు లేరు కాబట్టి చివర ఉన్న ప పోతుంది. ఆ 14 బ్యాలెట్లలో రెండో అంకె ఎవరికి ఉందో చూస్తారు. చ-కు 9, ట-కు 3, క-కు 2 అనుకుందాం. ఇప్పుడు క 38, చ 39, ట 23. ట పోయింది. ఆ 23లో చ-కు 15, క-కు 8 వెళ్తే చ 54, క 46. మొదటి రౌండ్లో ఆరు ఓట్లు వెనకున్న చ గెలిచింది. క-ను ప్రేమించేవాళ్లు ఎక్కువే, కానీ దాన్ని చివరి స్థానంలో పెట్టినవాళ్లూ ఎక్కువే. అసలు ఓట్ల సంఖ్యలు అకాడమీ ఎప్పుడూ బయటపెట్టదు, కాబట్టి మీరు చూడాల్సింది "ఈ సినిమా అంటే పడనివాళ్లు ఎందరు" అని. తీవ్రంగా ప్రేమించేవాళ్లూ తీవ్రంగా ద్వేషించేవాళ్లూ ఉన్న సినిమాకు మీరు రాసే గెలుపు అవకాశంలో 10 శాతం కోయండి. అందరూ "బాగానే ఉంది" అనే సినిమాకు ఆ 10 కలపండి.

ఆస్కార్‌కు ముందు తన అవార్డు ఇస్తూ ఇదే పద్ధతిలో ఓటేసేది అమెరికా నిర్మాతల గిల్డ్ (సంఘం), అంటే పీజీఏ. దాని మాటకు ఎక్కువ విలువ ఇవ్వాల్సిన కారణం ఆ పద్ధతే. దర్శకుల గిల్డ్ డీజీఏ రెండోది. ప్రాధాన్య ఓటు మొదలైన 2009 సినిమాల నుంచి 2024 సినిమాల దాకా పీజీఏ, డీజీఏ రెండూ ఒకే సినిమాకు వచ్చిన సందర్భాలు 12 ఉన్నాయి (పీజీఏలో టై అయిన 2013 సినిమాల ఏడాదిని పక్కన పెట్టాను). అందులో 10 సార్లు ఆ సినిమాకే ఆస్కార్ వచ్చింది. తప్పినవి రెండు: లా లా ల్యాండ్‌ని మూన్‌లైట్ ఓడించింది, 1917ని ప్యారసైట్ ఓడించింది.

ఆ రెండూ ఎందుకు తప్పాయో చూస్తే పనికొచ్చే విషయం బయటపడుతుంది. నటుల సంఘం సాగ్ ఇచ్చే ఉత్తమ తారాగణం అవార్డుకు ఈ రెండు సినిమాలకూ నామినేషన్ కూడా రాలేదు. 1917కి ఆస్కార్‌లో ఒక్క నటన నామినేషన్ లేదు, ఎడిటింగ్ నామినేషన్ లేదు. అకాడమీలో అన్నిటికన్నా పెద్ద శాఖ నటులదే. ఆ 12 సినిమాల్ని సాగ్ తారాగణం నామినేషన్ ఉన్నవి, లేనివి అని విడగొట్టండి. ఉన్నవి 8, ఎనిమిదీ గెలిచాయి. లేనివి 4. అందులో లా లా ల్యాండ్, 1917 ఓడాయి, ద షేప్ ఆఫ్ వాటర్, నోమాడ్‌ల్యాండ్ గెలిచాయి. అందుకని పీజీఏ, డీజీఏ, సాగ్ నామినేషన్ మూడూ ఉంటే 85 శాతం రాయండి. సాగ్ లేకపోతే 60 దాటకండి. 12 అనేది చిన్న సంఖ్య, కాబట్టి 8కి 8 ఉన్నా 100 రాయడం మాత్రం పొరపాటు.

పీజీఏ, డీజీఏ విడిపోతే పీజీఏ వైపు మొగ్గండి. గ్రీన్ బుక్, కోడా ఆ దారిలోనే వచ్చాయి. ఆ రెండింటికీ దర్శకుడి నామినేషన్ కూడా లేదు. కోడాకు మొత్తం నామినేషన్లే మూడు, మూడూ గెలిచింది. "నామినేషన్లు ఎక్కువుంటే గెలుపు ఖాయం" అన్న నమ్మకం వదిలేయాలనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. 14 నామినేషన్లున్న లా లా ల్యాండ్, 12 ఉన్న ద పవర్ ఆఫ్ ద డాగ్, 13 ఉన్న ఎమీలియా పేరెజ్ మూడూ ఉత్తమ చిత్రం గెలవలేదు. అనోరాకు ఉన్నవి 6, గెలిచినవి 5.

గోల్డెన్ గ్లోబ్స్ గురించి ఒక్క మాట. వాళ్లు పాత్రికేయులు, ఆస్కార్‌లో వాళ్లకు ఓటు లేదు. ఎవరు రేసులో ఉన్నారో తెలియడానికి, గెలిచినవాళ్ల ప్రసంగం ఎలా ఉందో చూడటానికి ఆ వేడుక పనికొస్తుంది. దాని ఫలితాన్ని ఓటుగా లెక్కపెట్టకండి. విమర్శకులు ఇచ్చే క్రిటిక్స్ ఛాయిస్‌కీ ఇదే వర్తిస్తుంది. సెప్టెంబర్‌లో టొరంటో చిత్రోత్సవంలో ప్రేక్షకుల అవార్డు వచ్చిన సినిమా సాధారణంగా ఉత్తమ చిత్రం నామినేషన్ దాకా వస్తుంది. 2024లో ఆ అవార్డు అందుకున్న ద లైఫ్ ఆఫ్ చక్‌కి అదీ జరగలేదు.

తేదీల విషయంలో చాలామంది గమనించనిది ఒకటుంది. 2025లో తుది ఓటింగ్ ఫిబ్రవరి 11 నుంచి 18 దాకా జరిగింది. పీజీఏ, డీజీఏ ఫిబ్రవరి 8న వచ్చాయి, బ్రిటన్ అకాడమీ ఇచ్చే బాఫ్టా 16న. సాగ్ అవార్డులు 23న, అంటే ఓటింగ్ మూసేశాక. సాగ్‌లో కాన్‌క్లేవ్ గెలిచిందని ఆ రాత్రి చాలామంది తమ అంచనా మార్చుకున్నారు. అప్పటికి ఆస్కార్ బ్యాలెట్లు పెట్టెలో పడి అయిదు రోజులైంది. కాబట్టి ప్రతి అవార్డునూ రెండు రకాలుగా చూడాలి: ఓటరు మనసును అది మార్చగలదా, లేక ఓటరు మనసు ఎలా ఉందో అద్దంలా చూపిస్తుందా? ఓటింగ్ ముగిశాక వచ్చేది రెండో రకం మాత్రమే. ఏటా జనవరిలోనే తుది ఓటింగ్ తేదీలు రాసుకుని, షీట్‌లో వాటి కింద ఎర్ర గీత గీయండి.

నటన విభాగాల్లో బాఫ్టా, సాగ్ రెండింటి మధ్య పోరు వస్తుంది. 2019లో గ్లెన్ క్లోజ్‌కి గ్లోబ్, క్రిటిక్స్ ఛాయిస్, సాగ్ మూడూ వచ్చాయి. బాఫ్టా ఒలీవియా కోల్మన్‌కి వచ్చింది, ఆస్కార్ కూడా ఆమెకే. 2021లో చాడ్విక్ బోస్‌మన్‌కి అవే మూడు, బాఫ్టాతో పాటు ఆస్కార్ ఆంథనీ హాప్కిన్స్‌కి. 2025లో డెమీ మూర్‌కి మళ్లీ అవే మూడు, బాఫ్టాతో పాటు ఆస్కార్ మైకీ మాడిసన్‌కి. మూడుసార్లు ఒకే కథ. అకాడమీలో బ్రిటన్, ఐరోపా సభ్యులు పెరగడం దీని వెనకున్న కారణం కావచ్చు.

అలాగని బాఫ్టాను గుడ్డిగా నమ్మితే 2023లో మునిగేవాళ్లు. ఆ ఏడాది బాఫ్టా నలుగురు నటీనటుల్లో ఒక్కరికీ ఆస్కార్ రాలేదు, సాగ్ నలుగురికీ వచ్చింది. 2022లో ఇంకా విచిత్రం: ఉత్తమ నటి విభాగంలో బాఫ్టా ఆరుగురు నామినీల్లో ఒక్కరు కూడా ఆస్కార్ అయిదుగురిలో లేరు. బాఫ్టా నటన నామినీల్లో కొందరిని జ్యూరీ ఎంచుకుంటుంది, అందువల్ల ఇలా జరుగుతుంది. కాబట్టి బాఫ్టా ఫలితం చూడకముందే ఒక ప్రశ్న వేసుకోండి: ఆస్కార్‌లో ముందంజలో ఉన్న ఇద్దరూ బాఫ్టాలో ముఖాముఖి తలపడ్డారా? తలపడితే ఫలితానికి పూర్తి తూకం. లేకపోతే సున్నా.

నామినేషన్ రాకపోవడం వేరు, పోటీకి అర్హత లేకపోవడం వేరు. రచయితల గిల్డ్ తన నిబంధనల కింద తయారుకాని స్క్రిప్ట్‌లను లెక్కలోకి తీసుకోదు. అనాటమీ ఆఫ్ ఎ ఫాల్ ఆ గిల్డ్ జాబితాలో లేకపోవడం చూసి దాన్ని కొట్టేసినవాళ్లు, ఒరిజినల్ స్క్రీన్‌ప్లే ఆస్కార్ దానికే వచ్చేసరికి నష్టపోయారు. ఖాళీ గడి కనిపించినప్పుడల్లా "రాలేదా, రావడానికి వీల్లేదా" అని అడగండి.

సాంకేతిక విభాగాల్లో తుది ఓటు అందరిదీ అని పైన చెప్పాను. దాని ఫలితం ఏమిటంటే, కళ్లకు, చెవులకు ఎక్కువగా కనిపించే, వినిపించే పని గెలుస్తుంది. కాస్ట్యూమ్స్‌లో నేటి కాలపు దుస్తులు ఎంత తెలివిగా ఎంచినా పాతకాలపు, ఊహాలోకపు దుస్తుల ముందు నిలవడం కష్టం. మేకప్ అవార్డు తరచుగా నటన అవార్డుతో జత కడుతుంది: డార్కెస్ట్ అవర్, ద ఐస్ ఆఫ్ ట్యామీ ఫే, ద వేల్, పూర్ థింగ్స్ నాలుగింట్లోనూ మేకప్‌తో పాటు ప్రధాన నటన అవార్డూ వచ్చింది. 2025లో ద సబ్‌స్టెన్స్‌కి మేకప్ వచ్చింది కానీ నటి అవార్డు రాలేదు, కాబట్టి ఈ జతను ఒకవైపు నుంచే నమ్మండి: నటన గెలుస్తుందనుకుంటే మేకప్ కూడా రాయండి, మేకప్ గెలుస్తుందని నటన రాయకండి.

యానిమేషన్‌లో రెండేళ్లు వరసగా అందరూ ఒకే చోట దెబ్బతిన్నారు. ఆనీ అవార్డులు ఇచ్చేది యానిమేషన్ రంగంవాళ్లు. వాళ్లు స్పైడర్-వర్స్‌కి పట్టం కడితే ఆస్కార్ ద బాయ్ అండ్ ద హెరాన్‌కి వెళ్లింది, ద వైల్డ్ రోబోకి పట్టం కడితే ఆస్కార్ ఫ్లోకి వెళ్లింది. గోల్డెన్ గ్లోబ్స్ మాత్రం రెండుసార్లూ సరిగ్గా చెప్పాయి. పనివాళ్ల ఓటుకు, అందరి ఓటుకు ఉన్న తేడా ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. అంతర్జాతీయ చిత్రంలో లెక్క తేలిక. నామినీల్లో ఉత్తమ చిత్రం విభాగంలో కూడా ఉన్నది ఒక్కటే అయితే అదే రాయండి: ఆమూర్, రోమా, ప్యారసైట్, డ్రైవ్ మై కార్, ఆల్ క్వైట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్, ద జోన్ ఆఫ్ ఇంట్రెస్ట్ అన్నీ అలాగే గెలిచాయి.

పాట విభాగాన్ని దగ్గరగా చూద్దాం, ఎందుకంటే మన పాట ఎలా గెలిచిందో తెలిస్తే మిగతావి అర్థమవుతాయి. 2022లో భారత్ తరఫున అంతర్జాతీయ విభాగానికి వెళ్లింది గుజరాతీ సినిమా ఛెల్లో షో. ఆర్‌ఆర్‌ఆర్‌కి ఆ తలుపు మూసుకుపోయింది. పాట విభాగానికి దేశం పంపాల్సిన పని లేదు, అమెరికా థియేటర్లలో నిబంధనల ప్రకారం ఆడితే చాలు. డిసెంబర్‌లో సంగీత శాఖ 15 పాటల షార్ట్‌లిస్ట్ ఇచ్చింది, అందులోంచి 2023 జనవరి 24న అయిదు మిగిలాయి. నాటు నాటుకి ఎదురుగా లేడీ గాగా, రిహానా, డయాన్ వారెన్ ఉన్నారు. పేర్లు చూసి మన దగ్గరే చాలామంది భయపడ్డారు.

సంకేతాలు మాత్రం అప్పటికే స్పష్టంగా ఉన్నాయి. జనవరి 10న గ్లోబ్, 15న క్రిటిక్స్ ఛాయిస్ రెండూ ఇదే పాటకు వచ్చాయి. ఇక్కడ ఓటు లేనివాళ్ల అవార్డుకు విలువ ఇవ్వాల్సి వచ్చింది, ఎందుకంటే బాఫ్టాలో పాట విభాగమే లేదు, నిర్మాతలు, దర్శకులు, నటుల గిల్డులకు పాటతో సంబంధం లేదు. రెండోది, 2022 జూన్ 1న అమెరికాలో ఒక్క రాత్రి మళ్లీ విడుదల చేసిన దగ్గర నుంచి థియేటర్లలో జనం లేచి ఆడారు. హాలీవుడ్ సభ్యులు ఆ దృశ్యం చూశారు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ఈ పాట సినిమా మధ్యలో, కథలో భాగంగా, ఇద్దరు హీరోల మధ్య పందెంగా వస్తుంది. ఓటరు పాటకు ఓటేస్తున్నప్పుడు అతనికి గుర్తొచ్చేది దృశ్యం. చివరి పేర్ల మీద వినిపించే పాటకు అంత మంచి జ్ఞాపకం దొరకదు. ఈ నియమం అప్పుడప్పుడు తప్పుతుంది, కానీ అయిదు పాటల్లో ఒక్కదానికే దృశ్యం ఉంటే దానికి 15 శాతం కలపండి. కీరవాణి, చంద్రబోస్ మార్చి 12న వేదిక ఎక్కడానికి ముందే లెక్క ప్రకారం ఆ పాటకు 75 శాతం రాయొచ్చు. అభిమానంతో 95 రాసినవాళ్లు కూడా గెలిచారు, కానీ వాళ్ల పద్ధతి తప్పు. వచ్చే ఏడాది అదే అభిమానం వాళ్లను ముంచుతుంది.

షార్ట్ ఫిల్ములు మూడు విభాగాలు. మీ పదిమందిలో గెలుపోటములు తేలేది ఇక్కడే, ఎందుకంటే మిగతా వాటిలో అందరూ దాదాపు ఒకటే రాస్తారు. ఒక్కోటి 40 నిమిషాలు మించదు. 15 చూడటానికి ఒక వారాంతం సరిపోతుంది. చివరి మూడు నిమిషాల్లో గుండె పట్టేదేదో, పెద్ద ఓటీటీలో సులభంగా దొరికేదేదో గుర్తుపెట్టుకోండి. ముదుమలై ఏనుగుల కథ ద ఎలిఫెంట్ విస్పరర్స్ 2023లో గెలిచినప్పుడు రెండూ దాని పక్షానే ఉన్నాయి.

జాతీయ అవార్డులకు, గద్దర్ అవార్డులకు ఈ పద్ధతి వాడకండి. అక్కడ పదివేల ఓటర్లు లేరు, గదిలో కూర్చున్న జ్యూరీ ఉంది, ముందు వచ్చే గిల్డ్ సంకేతాలు లేవు. జాతీయ అవార్డుల్లో తెలుసుకోవాల్సింది అర్హత తేదీ: లెక్క సెన్సార్ సర్టిఫికెట్ తేదీకి, విడుదల తేదీకి కాదు. 2024 జనవరి 12న విడుదలైన హను-మాన్ 2023 సినిమాలకు ఇచ్చిన 71వ జాతీయ అవార్డుల్లో గెలిచింది అందుకే. మన శేషాచలం కథ పుష్పకు, మన యాసకు అల్లు అర్జున్ 69వ అవార్డుల్లో ఉత్తమ నటుడయ్యాడు. మొదటిసారి ఒక తెలుగు నటుడికి ఆ గౌరవం వచ్చింది. తిరుపతిలో జరిగే కథ 35 చిన్న కథ కాదులో నటనకు నివేదా థామస్‌కి 2024 గద్దర్ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఇలాంటి చోట శాతాలు వేయడం కన్నా, ఆ ఏడాది ఏ నటన ఎందుకు నిలిచిందో రివ్యూ రాయడమే మేలు.

ఇప్పుడు రివ్యూల సంగతి. మీరు పంపిన నమూనాల్లో ఒక్కటే చిక్కుంది: సినిమా మొత్తానికి రేటింగ్ ఇస్తున్నారు. పోటీ కాలంలో రివ్యూ విభాగాల వారీగా ఉండాలి. సినిమా ముగిసిన అరగంటలోపు, ఇంకొకరి మాట చదవకముందే, నామినేట్ అయిన ప్రతి పనికీ మూడు వాక్యాలు రాయండి: ఏ దృశ్యంలో ఆ పని బాగా కనిపించింది, ఎన్నో నిమిషంలో, అది లేకపోతే దృశ్యం ఏమయ్యేది. నటన అంచనా వేయాలంటే మాటల్లేని దృశ్యం ఒకటి తీసుకుని మళ్లీ చూడండి. ఏడుపులు, అరుపులు, బరువు తగ్గడాలు మనల్ని మోసం చేస్తాయి, నిశ్శబ్దం చేయదు. ఎడిటింగ్‌కి ఇద్దరు మాట్లాడుకునే దృశ్యం చూడండి. మాట్లాడేవాడి మీద ఎంతసేపు ఉంది, వినేవాడి మీదకు ఎప్పుడు వెళ్లింది అన్నది లెక్కపెట్టండి. వేగంగా కోతలు పడటం మంచి ఎడిటింగ్ కాదు. స్క్రీన్‌ప్లేలో ఒరిజినల్, అడాప్టెడ్ తేడా పట్టించుకోండి. పుస్తకం నుంచి వచ్చినదైతే ఏది వదిలేశారు అన్నదే అసలు పని.

సౌండ్‌కి ఫోన్ స్పీకర్ మీద రివ్యూ రాయకండి. తిరుపతి థియేటర్లకు వచ్చేవి డ్యూన్, ఓపెన్‌హైమర్ లాంటి పెద్దవే. వాటినైనా థియేటర్‌లోనే చూడండి. మిగతావి ఓటీటీలో వచ్చేదాకా ఆగాలి, లేదంటే రైలెక్కి చెన్నై వెళ్లాలి. మూడు గంటల ప్రయాణానికి ఒకే రోజు రెండు సినిమాలు పెట్టుకుంటే గిట్టుబాటు. మంచి ఇయర్‌ఫోన్లతో ఓటీటీ చూసినా సగం పని తెలుస్తుంది. ద జోన్ ఆఫ్ ఇంట్రెస్ట్‌లో గోడ అవతల వినిపించేదే కథ. ఆ సినిమా సౌండ్‌కి ఆస్కార్ గెలిచిందంటే పేలుళ్లే సౌండ్ కాదని ఓటర్లకు కూడా తెలుసు.

పెద్ద పాత్రను సహాయ పాత్ర విభాగంలో పెట్టి ప్రచారం చేయడం మామూలు. 2025లో గెలిచిన జోయీ సల్డానా, కీరన్ కల్కిన్ ఇద్దరివీ దాదాపు ప్రధాన పాత్రలే. రివ్యూలో దాన్ని అన్యాయమని రాయండి. అంచనా షీట్‌లో మాత్రం అలాంటి పాత్రకు శాతం పెంచండి. రెండు నోట్‌బుక్కులు ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఎడమ నోట్‌బుక్‌లో "గెలవాలి", కుడి నోట్‌బుక్‌లో "గెలుస్తుంది". రెండిట్లో ఒకే పేరు పది విభాగాలు దాటితే మీరు మళ్లీ కలిపేస్తున్నారని అర్థం. అప్పుడు ఆ పదిలో ఒక్కోదానికీ సంకేతం ఏమిటో పక్కన రాయండి. రాయలేకపోతే శాతం 40కి దించండి.

మార్కులు వేసే పద్ధతి కూడా మార్చండి. "సరి, తప్పు" అని లెక్కపెడితే ధైర్యంగా గుడ్డి దెబ్బ వేసినవాడికి, ఆలోచించి రాసినవాడికి తేడా ఉండదు. ప్రతి విభాగానికీ ఒక పేరు, నూటికి ఎంత నమ్మకమో రాయించండి. సరైతే 100లోంచి ఆ శాతం తీసేసి వర్గం చేయండి, తప్పైతే ఆ శాతాన్నే వర్గం చేయండి. తక్కువ వచ్చినవాళ్లు గెలుస్తారు. 70 రాసి సరైతే 30 గుణించు 30, అంటే 900. 70 రాసి తప్పైతే 4,900. 95 రాసి తప్పైతే 9,025, ఒక్క విభాగంతో షీట్ మునిగిపోతుంది. ఈ పద్ధతిలో అభిమానం ఖరీదు అంకెల్లో కనిపిస్తుంది. మార్కులు సమానమైతే తేల్చడానికి "ఆ రాత్రి ఎక్కువ అవార్డులు గెలిచిన సినిమాకు ఎన్ని?" అన్న ప్రశ్న ముందే పెట్టుకోండి. డబ్బు పందెం మాత్రం వద్దు.

షీట్లు ఆదివారం రాత్రి 10 గంటలకు మూసేయండి. వేడుక మనకు సోమవారం తెల్లవారుజామున మొదలవుతుంది, కానీ సమయం మారుతుంది: 2024లో 4:30కి, 2025లో 5:30కి. అమెరికాలో గడియారాలు మార్చిలో గంట ముందుకు జరుపుతారు. వేడుక ఆ తేదీకి ముందా తరువాతా అన్నదాన్ని బట్టి మనకు గంట తేడా వస్తుంది.

ఫలితాలు వచ్చాక తప్పిన ప్రతి విభాగం పక్కన ఒక అక్షరం రాయండి. సంకేతం ఉంది కానీ చూడలేదు అంటే "చ". సంకేతం చూశాను, అదే తప్పింది అంటే "త". సంకేతం తెలుసు, నచ్చిన సినిమా కోసం పక్కన పెట్టాను అంటే "న". మీ పదిమంది పాత షీట్లు ఉంటే ఇప్పుడే వాటి మీద ఈ అక్షరాలు వేసి చూడండి. "న"లు ఎన్నున్నాయో అన్ని మార్కులు వచ్చే ఏడాది కొత్తగా ఒక్క సినిమా చూడకుండానే తిరిగొస్తాయి.